పవర్ హౌస్‌లో ప్రహ్లాదుడు

రాయ్‌పూర్‌లో పని ముగించుకుని, లోకల్ రైలెక్కి పవర్ హౌస్ స్టేషన్లో దిగేసరికి సాయంత్రం ఐదు దాటింది. 2025 ఆగస్టు. ముసురు పట్టి ఉంది. పెద్దమ్మ వాళ్లింటి అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు చేరి గొంతులు చించుకుంటున్నారు. గొడవ క్రికెట్ గురించి కాదు, హిరణ్యకశిపుడి గురించి. వరాహావతారం భూమిని పైకెత్తే ఘట్టం గొప్పదా, స్తంభం పగిలాక వచ్చే యుద్ధం గొప్పదా అన్నది ఎంతకీ తేలడం లేదు. ఒకడు సర్దార్ల పిల్లాడు, ఇద్దరు ఒడియా వాళ్లు, ఒక మలయాళీ అమ్మాయి, మిగిలినవాళ్లు ఛత్తీస్‌గఢీలు, తెలుగువాళ్లు. వాదనంతా హిందీలోనే. మా అన్నయ్య కొడుకు మాత్రం నోరు మెదపడం లేదు. ఆ గుంపులో సినిమా చూడనిది వాడొక్కడే మరి.

ఆ సినిమా 'మహావతార్ నరసింహ'. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో తయారైన ఈ యానిమేషన్ చిత్రం 2025 జూలై 25న తెలుగు, హిందీ సహా ఐదు భాషల్లో విడుదలైంది. తెర మీద స్టార్లెవరూ లేరు. ఉన్నవి బొమ్మలే. అయినా 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి, భారతీయ యానిమేషన్ చిత్రాల్లో అంతకుముందు ఏదీ చేరని చోటికి చేరింది. కొన్ని ఊళ్లలో ప్రేక్షకులు చెప్పులు బయటే విడిచి హాల్లోకి వెళ్లారని కూడా వార్తలొచ్చాయి. భక్తి, బాక్సాఫీసు, రాజకీయం ఒకచోట కలిస్తే అనుమానించడం నా వృత్తి నేర్పిన అలవాటు. కానీ అరుగు మీది మలయాళీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్న వేరు. "రాజంటే గురువులు కూడా భయపడుతుంటే ఆ చిన్నపిల్లాడు ఎందుకు భయపడలేదు?"

పవర్ హౌస్ పేరు నేను మొదట విన్నది చుట్టాలింటి కబుర్లలో, తర్వాత చదివింది పుస్తకాల్లో. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేస్తున్నప్పుడు శంకర్ గుహా నియోగి నడిపిన కార్మికోద్యమం మీద ఒక పేపర్ రాశాను. 1991 సెప్టెంబరులో ఆయన హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది జూలై 1న ఈ స్టేషన్ దగ్గరే, పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. నాకు పవర్ హౌస్ అంటే ఆ తేదీ. పెద్దమ్మకు మాత్రం జవాహర్ మార్కెట్లో కూరగాయల బేరం, నందినీ రోడ్డు, కోక్ ఓవెన్స్‌లో షిఫ్టు దిగి సైకిల్ మీద వచ్చే పెదనాన్న.

సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాత పనికోసం దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపు తెలుగువాళ్లు కూడా చాలామంది. పెద్దమ్మ 1974లో పెళ్లి చేసుకుని విజయనగరం నుంచి ఇక్కడికొచ్చింది. ఆమె పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయలేరు. మనవడికి అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతాడు. "అన్నం తిన్నావురా?" అని అడిగితే "ఖా లియా దాదీ" అంటాడు. ఈ ఇంట్లో ఇదేమీ ఫిర్యాదు కాదు. గాలిలో దుమ్ములా అలవాటైన విషయం.

పిల్లల సినిమాలు వచ్చినప్పుడే ఈ తేడా పైకి తేలుతుంది. 2019లో 'ది లయన్ కింగ్' తెలుగులో వచ్చినప్పుడు సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతునిచ్చారు. 2024 డిసెంబరులో 'ముఫాసా'కు తెలుగులో మహేశ్ బాబు, హిందీలో షారుఖ్ ఖాన్ డబ్బింగ్ చెప్పారు. విశాఖలో ఉండే మేనత్త కొడుక్కీ వీడికీ అప్పట్లో ఫోన్లో గంటసేపు యుద్ధం జరిగిందట. ముఫాసా గొంతు ఎవరిదన్నది వాళ్ల తగాదా. ఇద్దరూ చూసిన సింహం ఒకటే. వాళ్ల చెవుల్లో మిగిలిన గొంతులు వేరు.

"రేపు సినిమాకెళ్దాం పద పెద్దమ్మా" అన్నాను. పెదనాన్న పోయాక ఆమె థియేటర్ మెట్లెక్కలేదు. "బొమ్మల సినిమా నాకెందుకురా, పిల్లాణ్ణి తీసుకెళ్లు" అంది. నరసింహస్వామి కథ అని చెప్పాక ఆగింది. వాళ్ల ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. సింహాచలంలో కొలువున్నది వరాహ లక్ష్మీ నరసింహస్వామి. సినిమాలో వరాహం, నరసింహం రెండూ ఉన్నాయని మనవడు ఊరించేసరికి, "రెండూ కలిపితేనే కదరా మన అప్పన్న" అంటూ చీర తీసింది.

ఆ వారం భిలాయ్‌లో మేం వెతికిన షోలన్నీ హిందీవే. జున్వానీ వైపు మల్టీప్లెక్స్‌లో టికెట్లు దొరికాయి. హాలు నిండా తాతలు, నానమ్మలు, మనవలు. దీపాలు ఆరగానే పెద్దమ్మ పని మొదలుపెట్టింది. ప్రతి సన్నివేశాన్నీ ఒక అడుగు ముందే మనవడి చెవిలో తెలుగులో చెబుతోంది. ఇప్పుడు ఏనుగుల చేత తొక్కిస్తాడు, ఇప్పుడు కొండ మీంచి తోయిస్తాడు అంటూ. వాడు రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి "దాదీ, చుప్" అన్నాడు.

ఆమె మానేసింది. కాసేపటికి ప్రహ్లాదుడి తల్లిని కయాధు అని పిలవడం వినబడగానే మాత్రం ఉండబట్టలేకపోయింది. "ఏటి, కయాధువా? లీలావతి కదరా!" అంది, కాస్త గట్టిగానే. ముందు వరసలో ఎవరో నవ్వారు. పిల్లాడు సిగ్గుపడి నా వైపు జరిగి, "దాదీకి ఏమీ తెలీదు" అన్నాడు హిందీలో. ఆమెకు వినబడింది. యాభై ఏళ్లు భిలాయ్‌లో ఉన్న మనిషికి ఆ మాత్రం హిందీ రాదా?

తండ్రి ముందు ఆ పసివాడు నిలబడి కాదన్నప్పుడు హాలంతా నిశ్శబ్దం. గాంధీ ప్రహ్లాదుణ్ణి సత్యాగ్రహికి ఆదర్శంగా ఎన్నోసార్లు పేర్కొన్నారు. మరో సందర్భంలో అయితే దాని మీద నేనే నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. ఆ రోజు నా చూపు తెర మీద లేదు. పెద్దమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, స్తంభం పగిలినప్పుడు దణ్ణం పెట్టడం కూడా మరిచిపోయి కూర్చుంది.

ఇంటికొచ్చాక పిల్లాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. సంస్కృత భాగవతంలో ఆవిడ కయాధువు. తెలుగువాళ్లకు లీలావతి. సినిమా తప్పు కాదు, నానమ్మా తప్పు కాదు. వాడు కాసేపు ఆలోచించి, "మరి దాదీకి ఎవరు చెప్పారు?" అనడిగాడు. ఆ ప్రశ్న నన్ను కాదు, నేరుగా ఆమెనే అడగమన్నాను.

వాళ్లమ్మ చెప్పింది. ఆపైన 1967లో, పన్నెండేళ్లప్పుడు, విజయనగరంలో 'భక్త ప్రహ్లాద' చూసింది. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. తెలుగులో తొలి టాకీ కూడా ప్రహ్లాదుడి కథేనని నేను అందించాను. ఎవరూ పట్టించుకోలేదు. వాడు అప్పటికే నా ఫోన్లో పాత సినిమా వెతుకుతున్నాడు. దొరికింది. రంగారావు నడిచి వస్తుంటే, "ఈయన గ్రాఫిక్స్ కాదా?" అన్నాడు. కాదు, మనిషే. వాడికి మాటలు సగం అర్థం కాలేదు. ఒక్కో డైలాగు దగ్గర ఆపి "మత్‌లబ్?" అంటాడు, ఆమె చెబుతుంది. అరగంట సినిమాకు రెండు గంటలు పట్టింది. 'చుప్' అన్నదానికి క్షమాపణ ఎవరూ అడగలేదు, చెప్పలేదు.

మరునాడు సాయంత్రం అరుగు మీద కొత్త తగువు మొదలైంది. ప్రహ్లాదుడి తల్లి కయాధు అని ఏడుగురు, లీలావతి అని వీడొక్కడు. తీర్పు కోసం లోపలికొచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. ఆమె తన హిందీలో, నడుమ నడుమ విజయనగరం తెలుగుతో కథ మొదలుపెట్టింది. మాట తట్టని చోట మనవడు అందిస్తున్నాడు. రైలు టైమవుతున్నా నేను లేవలేదు.

ఒక్క సినిమాతో ఆ ఇంటికి తెలుగు తిరిగొచ్చిందని నేననుకోవడం లేదు. వాడు ఇప్పటికీ నన్ను 'చాచూ' అనే పిలుస్తాడు. కానీ నెల రోజుల తర్వాత పెద్దమ్మ ఫోన్ చేసింది. ఈ వరసలో వచ్చే సినిమా పరశురాముడిదని, 2027లో వస్తుందని ప్రకటించారు కదా, పిల్లాడు ఆ కథ ఇప్పుడే కావాలంటున్నాడట. "నాకది సరిగ్గా తెలీదురా. పెద్దక్షరాల పుస్తకం ఏదైనా ఉంటే పంపు" అంది. పంపాను. సినిమా వచ్చేలోపు చదివి చెప్పడానికి ఆమెకు కావలసినంత టైముంది.