తూనీగకీ ఓ పాస్‌పోర్టు

అమెరికా ప్రయాణమంటే మన పెట్టెలో మన బట్టలకి తప్ప అన్నిటికీ చోటుంటుంది. ఇది అందరికీ అనుభవమే. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, పక్కింటావిడ కూతురికి పట్టుచీర, ఎదురింటాయన మనవడికి వెండి మొలతాడు – ఇవన్నీ సర్ది, తూకం చూసి, "సరిగ్గా ఇరవై మూడు కిలోలు" అని మా ఆవిడ తృప్తిగా నడుం వాల్చిన క్షణంలో మా అన్నయ్య కొడుకు ఊడిపడ్డాడు. వాడి చేతిలో ఓ చిన్న డబ్బా.

"బాబాయ్, ఇది కూడా పట్టుకెళ్ళాలి."

విప్పి చూద్దును గదా, డ్రోను! రెక్కలు మడిస్తే అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. మావాడు పెళ్ళిళ్ళకి ఫొటోలూ, వీడియోలూ తీస్తాడు. పెళ్ళికొడుకు కారు దిగింది మొదలు నెత్తిమీద జుయ్యిమని తిరుగుతూ, పురోహితుడి మంత్రాలు దేవుడిక్కూడా వినిపించకుండా చేసే తూనీగ ఇదే.

"దీన్ని నేనేం చేసుకోనురా?" అన్నాను.

"గ్రాండ్ కాన్యన్ మీద ఎగరేసి వీడియో తీసుకురా బాబాయ్. నాన్న చూడాలి."

నాకు నోట మాట రాలేదు. మా అన్నయ్య జమ్మలమడుగు హైస్కూల్లో చాలా ఏళ్ళు సోషల్ చెప్పాడు. ఏటా పిల్లల్ని గండికోట తీసుకెళ్ళి, పెన్నానది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున కూచోబెట్టి పాఠం చెప్పేవాడు. "ఒరేయ్, దీనికి పెదనాన్న ఒకాయన అమెరికాలో ఉన్నాడు. రిటైరయ్యాక వెళ్ళి ఓసారి పలకరించి వస్తాను" అనేవాడు. రిటైరయ్యాడు. ఆ తరవాత కూతురి పెళ్ళి అడ్డం వచ్చింది, ఇల్లు అడ్డం వచ్చింది, వదిన జబ్బు అడ్డం వచ్చింది. కిందటేడు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన ప్రపంచమల్లా మంచమూ, పక్కనున్న కిటికీ. పెదనాన్నగారిని పలకరించే పని చివరికి నామీద పడిందన్నమాట.

నేను పోస్టాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు చేసినవాణ్ణి. రూల్సంటే నాకు భయం లేదు, ఫారాలంటే ప్రేమ. అంచేత డ్రోన్ల సంగతి ఆరా తియ్యడం మొదలెట్టాను. అప్పుడు తెలిసింది – ఈ తూనీగ పుట్టిన దేశంలో ఒక రకం, దిగిన దేశంలో ఒక రకం!

ముందు బరువు. వంటింటి కాటా మీద పెడితే 249 గ్రాములు తూగింది. ఇరవై గ్రాముల ఉత్తరాన్ని పంతొమ్మిదిన్నర తూగేలా తయారుచేసి తెచ్చేవాళ్ళని నా సర్వీసులో చాలామందిని చూశాను కాబట్టి నాకు వెంటనే అనుమానం వచ్చింది. అనుమానం నిజమే. అమెరికాలో సరదాకి ఎగరేసే డ్రోను 250 గ్రాములు లేకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉంటే అయిదు డాలర్లు కట్టి, నెంబరు తెచ్చుకుని దాని ఒంటిమీద అతికించాలి. అదే తూనీగ జపాన్‌లో దిగిందా, 2022 జూన్ నుంచీ అక్కడ వంద గ్రాములు దాటితే రిజిస్టరు చెయ్యాల్సిందే. రైల్లో అరటిక్కెట్టు లాంటిదే ఇదీను. ఒకచోట చంటిపిల్ల, ఇంకోచోట టిక్కెట్టు కొనాల్సిన పెద్దమనిషి. మొరాకో, ఈజిప్టు లాంటి దేశాల్లో అయితే ముందు అనుమతి లేకుండా తీసుకెళ్ళామా, విమానాశ్రయం గుమ్మంలోనే దాన్ని పుచ్చుకుంటారు.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2021 నాటి డ్రోన్ నిబంధనల్లో మన ఆకాశానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అంటూ మూడు రంగులు వేశారు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి మీదే నిషేధం పెట్టారు. మరి మన దగ్గర్నుంచి వెళ్ళిందే తిరిగొచ్చినా "ఇది అక్కడ కొన్నది కాదని రుజువేమిటి?" అంటే? అందుకని బయల్దేరేరోజు కస్టమ్స్ వారి బల్ల దగ్గరికెళ్ళి, సీరియల్ నెంబరు రాయించి, ఎగుమతి ధ్రువపత్రం పుచ్చుకున్నాను. మా ఆవిడ నన్ను అదోలా చూసింది. "మన పెళ్ళికి కూడా మీరు ఇన్ని కాగితాలు పుచ్చుకోలేదు" అంది.

దాని బ్యాటరీలు పెద్దపెట్టెలో పెట్టకూడదుట. లిథియం బ్యాటరీలు కదా, నిప్పంటుకుంటే మనుషులున్న చోటయితే ఆర్పుతారు, సామాన్ల గదిలో ఎవరు చూస్తారు? ఆ మాట నాకు నచ్చింది. ప్రతి రూలు వెనకా ఎక్కడో ఓ మంట ఉంటుంది. బ్యాటరీలు నా చేతిసంచీలోకి వచ్చాయి. నా మందులు పెద్దపెట్టెలోకి పోయాయి.

ఫీనిక్స్ పక్కన మా అబ్బాయి ఇల్లు చేరి మూడురోజులయ్యాక, పన్నెండేళ్ళ మా మనవడు నన్ను కంప్యూటరు ముందు కూచోబెట్టాడు. సరదాకి డ్రోను ఎగరేసేవాడెవడైనా, స్వదేశీ అయినా విదేశీ అయినా, ఓ పరీక్ష రాసి ఆ కాగితం దగ్గరుంచుకోవాలిట. ఈ వయసులో పరీక్షా అని గుండె దడదడలాడింది. తీరా చూస్తే అంత మంచి పరీక్ష నేను పుట్టి బుద్ధెరిగి రాయలేదు. పైసా ఫీజు లేదు. తప్పు రాస్తే ఇది తప్పని చెప్పి, ఎందుకు తప్పో చెప్పి, మళ్ళీ దిద్దుకోమంటుంది. చివరికి అందరికీ నూటికి నూరు! మా రోజుల్లో ఇదే పద్ధతుంటే నేను కలెక్టరునై ఉందును. నాలుగువందల అడుగుల ఎత్తు దాటకూడదు, కంటికి ఆనినంత దూరంలోనే తిప్పాలి, మనుషులున్న విమానానికి ఎప్పుడూ దారివ్వాలి – ఇవన్నీ నేర్చుకుని పట్టా పుచ్చుకున్నాను. మా ఆవిడ దానికి ఫొటో కట్టించాలంది. వెక్కిరింపో, మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

జూన్ మొదటివారంలో ఓ శనివారం ప్రయాణం. నాలుగు గంటలు కారులో. సగం దూరం వెళ్ళాక మా అబ్బాయి నెమ్మదిగా అన్నాడు.

"నాన్నా, ఓ మాట. డ్రోను అక్కడ ఎగరెయ్యనివ్వరు."

"పరీక్ష ప్యాసయ్యాను కదరా! బరువు కూడా తక్కువే!"

"అదంతా బయట. నేషనల్ పార్కుల్లో 2014 నుంచీ పూర్తిగా నిషేధం. ఎగరెయ్యకూడదు, దింపకూడదు. అయిదువేల డాలర్ల దాకా జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు."

ఆ ఏడాదే ఎల్లోస్టోన్ పార్కులో ఓ విదేశీ యాత్రికుడి డ్రోను ఆ రంగురంగుల వేడినీటి గుండంలో పడిపోయిందిట. జరిమానా, నష్టపరిహారం కలిపి మూడువేల డాలర్ల పైచిలుకు కట్టాడుట.

"ఇంటిదగ్గరే చెప్పకపోయావా?" అన్నాను.

"చెబితే బయల్దేరేవాళ్ళా?" అన్నాడు. వాడు నా కొడుకే.

సూర్యాస్తమయానికి గంట ముందు లోయ అంచుకి చేరాం. దాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలు పైమాట, వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లని బోర్డు చదువుకుంటే తెలుస్తుంది. ఎదురుగా చూస్తే మాత్రం అంకెలు గుర్తుండవు. నాకు అన్నయ్య గుర్తొచ్చాడు. చేతిసంచీలో తూనీగ బరువుగా తగిలింది.

కొంచెం పక్కకి వెళ్ళాను. చెట్టుచాటు. మనుషుల్లేరు. మనవణ్ణి పిలిచి, "ఒక్క నిమిషంరా. పైకి పంపి దింపేద్దాం. ఎవరు చూస్తారు?" అన్నాను. చెబితే సిగ్గుచేటు. ముప్ఫై నాలుగేళ్ళు రూలంటే రూలేనని కౌంటర్లో కూచుని ఎంతమంది చేత ఫారం తిరగరాయించానో!

వాడు తలెత్తి ఆకాశంలోకి చూపించాడు. నల్లటి పక్షి ఒకటి లోయ మీద తేలుతోంది. రెక్క ఆడించడం లేదు. కాండర్ అనే రాబందు. రెక్కలు చాస్తే తొమ్మిదిన్నర అడుగులు. 1982లో ప్రపంచం మొత్తం మీద ఇరవై రెండే మిగిలాయిట. పెంచి, పోషించి, 1996 నుంచీ ఈ ప్రాంతంలో మళ్ళీ వదులుతున్నారు. దాని రెక్కమీద నెంబరు చీటీ ఉంది. అంటే ఇక్కడ పక్షిక్కూడా రిజిస్ట్రేషన్!

"అది ఇటు వస్తే ఎలా తాతా? అది వాళ్ళిల్లు కదా" అన్నాడు.

డబ్బా మళ్ళీ సంచీలో పెట్టేశాను.

ఏడూముప్పావు అయింది. మన దేశంలో పొద్దున్న ఎనిమిదింబావు. అన్నయ్య కాఫీ తాగే వేళ. ఫోనులో వీడియో కలిపాను. దిండుకి ఆనుకుని కూచున్నాడు. లోయవైపు ఫోను తిప్పి చూపిస్తున్నాను. ఓ అరనిమిషం చూశాడో లేదో, సిగ్నలు సన్నగిల్లి బొమ్మ బిగుసుకుపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"అన్నయ్యా, డ్రోను ఎగరెయ్యనివ్వలేదు. ఇదీ పోయింది. నీకేమీ చూపించలేకపోయాను" అన్నాను.

"ఎందుకు ఎగరెయ్యనివ్వలేదుట?"

2014లో ఇక్కడే జరిగిన సంగతి మా అబ్బాయి దారిలో చెప్పాడు. జనమంతా సూర్యాస్తమయం చూస్తూ నిశ్శబ్దంగా కూచుని ఉండగా, ఎవరిదో డ్రోను రొదపెడుతూ అటూ ఇటూ తిరిగి తిరిగి లోయలో కూలిందిట. జయాన్ అనే పార్కులో ఇంకో డ్రోను కొండగొర్రెల మందని బెదరగొడితే పిల్లలొకచోట, తల్లులొకచోట అయ్యాయిట. అదంతా చెప్పాను.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తరవాత నవ్వాడు. "గాలిపటం నీది, దొడ్డి వాళ్ళది" అన్నాడు.

అది మా నాన్న మాట. చిన్నప్పుడు మా గాలిపటం తెగి పక్కింటి దొడ్లో పడింది. అన్నయ్య గోడెక్కాడు. అవతల నూతి దగ్గర స్నానం చేస్తున్న ఆ ఇంటి మామ్మగారు పెట్టిన కేకలకి వీధి వీధంతా పోగయింది. నాన్న కొట్టలేదు. అన్నయ్య చెవి పట్టుకుని ఆ ఒక్క మాటా అన్నాడు. ఇన్ని దేశాలు ఇన్ని పుస్తకాల్లో రాసుకున్నది ఆ నాలుగు మాటలే కదా అనిపించింది. ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది. కింద ఎవరో ఒకరు కాపురం ఉంటారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఫోను కట్టెయ్యకు. అలాగే చేత్తో పట్టుకో. మాట్లాడకు" అన్నాడు.

పట్టుకున్నాను. సూర్యుడు దిగిపోతున్నాడు. అంచు పొడుగునా అంతమంది కూచున్నారు, ఒక్కరూ పెదవి కదపడం లేదు. లోయలోంచి గాలి వస్తున్న చప్పుడు, ఎక్కడో ఓ పిట్ట కూత. అంతే. అయిదు నిమిషాలో, పది నిమిషాలో నాకు తెలీదు. అన్నయ్య ఊపిరి మాత్రం వినిపిస్తూనే ఉంది.

"గండికోటలోనూ ఇంతేరా" అన్నాడు చివరికి. "పిల్లల నోళ్ళు మూయించి ముందు ఓ నిమిషం ఇదే వినిపించేవాణ్ణి. పాఠం తరవాత. పెదనాన్న గొంతు కూడా అచ్చం అదే!"

నేను తూనీగని ఎగరేసి ఉంటే ఆయనకి వినిపించేది పెళ్ళిపందిట్లోని ఆ జుయ్యిమనే రొద మాత్రమే.

తిరిగొచ్చాక మా అన్నయ్య కొడుకు డబ్బా విప్పుతూ, "ఎంతసేపు తీశావు బాబాయ్?" అన్నాడు. వాడి చేతిలో నా పరీక్ష పట్టా, కస్టమ్స్ కాగితం పెట్టి, "ఒక్క సెకనూ లేదురా" అన్నాను.

లోపల మంచం మీంచి అన్నయ్య కేకేశాడు: "నేను చూశాను లేరా!"