సలాబత్‌పురాలో స్వగ్రామాన్వేషణ

ఉద్యోగరీత్యా సూరత్ చేరిన తెలుగువారు సలాబత్‌పురాను ఒక్కసారైనా చూడకుండా ఉండరు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లను ఆనుకొని ఉన్న ఈ పాతపేటలో చీరల మూటల నడుమ తెలుగుమాట చెవినబడితే ప్రాణం లేచివస్తుంది. చేనేతకు గిరాకీ తగ్గి, మరమగ్గాల పనికై కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలెన్నో ఈ నగరంలో స్థిరపడ్డాయి.

ఇక్కడ పుట్టిపెరిగిన యువకులను స్వగ్రామమేదని అడిగితే "కరీంనగర్" అని ఊరుకుంటారు. ఒక వృద్ధ నేతకార్మికుడు మనుమడితో అన్నమాట నాకు బాగా గుర్తున్నది: "జిల్లా పేరు జెప్తే రైలు దిగుతవు బిడ్డా, ఇల్లు జేరవు."

ఈ విషయంలో ఐర్లండు అనుభవం గమనింపదగినది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకడంతో మొదలై 1852 వరకు సాగిన కరువులో అక్కడ సుమారు 10 లక్షలమంది మరణించారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనం దేశం విడిచారు. వారి సంతతివారు నేడు పూర్వికుల కోసం వెదుకుతూ, మొదట అన్వేషించేది వారు జ్ఞానస్నానం పొందిన కథోలిక విచారణ చర్చినే. 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం దగ్ధమై, 1821-51 నాటి జనాభా లెక్కలలో అధికభాగం నశించింది. కథోలిక చర్చిల రిజిస్టర్లు మాత్రం ఆయా ఊళ్లలోనే ఉన్నందున మిగిలాయి. ఐర్లండు జాతీయ గ్రంథాలయం వాటి ఛాయాచిత్రాలను 2015లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

అయినా ఇంటిపేరు ఒక్కటే చాలదు. ఒకే పేరుగలవారు వేలకొలది ఉంటారు. 'టౌన్‌లాండ్' అనే చిన్న పల్లె పేరు తెలియాలి. 1847-64 నడుమ జరిగిన గ్రిఫిత్ భూమి మదింపులో ఆ పల్లెను గుర్తించి, అది ఏ చర్చి పరిధిలోనిదో తేల్చుకోవాలి. ప్రభుత్వపు హద్దులు వేరు, చర్చి హద్దులు వేరు.

మనకూ అంతే. 2016లో తెలంగాణ జిల్లాల పునర్విభజన జరిగాక తాతగారి కరీంనగర్ నేడు సిరిసిల్ల, జగిత్యాల, పెద్దపల్లి కావచ్చును. నల్గొండ అన్నది యాదాద్రి భువనగిరి కావచ్చును. జిల్లా మారినా ఊరు మారదు. ఇంటిపేరు, గోత్రం, ఊరు, పాత తాలూకా, ఊరి గుడి, ఈ అయిదూ తెలిస్తే దారి దొరుకుతుంది. ఊరూరా పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారు ఏ ఊళ్లకు వచ్చేవారో పెద్దలను అడిగినా ఒక ఆధారం లభించవచ్చును.

ఇది కేవలం కుతూహలం కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరత్ విడిచినప్పుడు, సొంత ఊరితో సంబంధం నిలుపుకొన్నవారికి తలదాచుకొనే చోటు ఒకటి ఉండినది.

ఐర్లండులో ఆ వివరాలు పుస్తకంలో ఉన్నాయి. సలాబత్‌పురాలో అవి వృద్ధుల జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. మన తోటి ఉద్యోగులలోనూ స్వగ్రామానికి దూరమైన కుటుంబాలు అనేకం. ఇంటి పెద్దలను కూర్చోబెట్టి, ఆ అయిదు వివరాలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొనుటకు అరగంట చాలు. ఆ అరగంటను వాయిదా వేయరాదు.