కోసిన సగం కూలి

సూర్యాపేటలో ఇల్లు మొదలుపెట్టినప్పుడు నాన్న ఒక్కటే అడిగారు, ‘మాఘంలో పాలు పొంగిద్దామా?’ అని. దసరా దాటినా గోడలు కిటికీల ఎత్తుకు రాలేదు. ఒకపక్క ఇంటద్దె, మరోపక్క బ్యాంకు వడ్డీ. తప్పెవరిది? ఇంకెవరిది, మేస్త్రీదే! కోదాడ నుంచి వచ్చే ఆయన సగంరోజు బీడీలతోనే గడుపుతున్నాడని నా అనుమానం. ఓ శనివారం కోపం పట్టలేక ఆయనకూ, ఇటుకలు మోసే ఆమెకూ సగంరోజు కూలి కోసేశాను.

‘ఇటుక అందకుంటె నేనేం కట్టాలె సారూ?’ అన్నాడు. వినిపించుకోలేదు.

మర్నాడు మిర్యాలగూడలో మా మేనమామ రైసు మిల్లుకు వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన నవ్వి, వడ్లను పైకి లాక్కెళ్తున్న ఎలివేటర్‌ను చూపించాడు. ‘మా కాడ వడ్లే నడిచొస్తయ్ అల్లుడూ. మీ కాడ మనుషులు నడుస్తున్నరు.’

తిరిగొస్తూ సాగర్ ఎడమ కాలువ దాటాను. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను వేలమంది రాళ్లు మోసి కట్టారు. అంతమందికీ రాయీ మాలూ వేళకు అందాయి కదా! నేను ఏడుగురికి అందించలేకపోతున్నానా?

సోమవారం సెలవు పెట్టి, నోటుపుస్తకంతో ఇటుకల మీదే కూర్చున్నాను. మేస్త్రీ చెయ్యి ఆగిన ప్రతిసారీ ఎందుకో రాశాను. ఇసుక ట్రాక్టరు పదింటికి వచ్చింది. కరెంటు పోతే నీళ్ల మోటారు ఆగింది. ఇటుకల కుప్ప రోడ్డు పక్కన, గోడేమో ఇంటి వెనక. గంప నెత్తిన పెట్టుకుని ఆమె చుట్టూ తిరిగి రావాలి. (కుప్ప అక్కడ పోయించింది నేనే లెండి, వాకిలి పాడవుతుందని!) అన్నిటికన్నా ఎక్కువసేపు పని ఆగింది వంటింటి కిటికీ ఎక్కడో నేను తేల్చక. తాపీ ఆడినంతసేపు మాత్రం ఆయన వేగానికి వంక పెట్టలేం.

తాపీ పనితోనే జీవితం మొదలుపెట్టిన అమెరికన్ ఫ్రాంక్ గిల్‌బ్రెత్ వందేళ్ల కిందటే ఈ సంగతి పట్టుకున్నాడు. ప్రతి ఇటుకకూ వంగి లేవడమెందుకని, ఇటుకలూ మాలూ చేతికందే ఎత్తులో ఉండేలా పరంజా చేయించాడు. 18 కదలికలు 5కు తగ్గాయి. గంటకు 120 ఇటుకలు పేర్చేవాళ్లు 350 పేర్చారని 1911లో ఫ్రెడరిక్ టేలర్ తన పుస్తకంలో రాశాడు. ఎవరినీ పరుగెత్తించలేదు.

మంగళవారం నుంచి ఇటుకలు గోడ పక్కనే దిగాయి. ఇసుక ముందురోజు సాయంత్రమే వచ్చింది, రెండు డ్రమ్ముల్లో నీళ్లు నింపి ఉంచాం. తలుపులూ కిటికీలూ నేనే సుద్దతో గీశాను. శనివారానికల్లా వెనక గోడ లింటెల్‌ను అందుకుంది.

ఆ సాయంత్రం కోసిన కూలి కలిపి ఇచ్చాను. మేస్త్రీ మాట్లాడకుండా లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆమె కొంగున ముడేసుకుంటూ అంది.

‘మొన్న ఈ పైసల్ లేకనే పిలగానికి చెప్పులు కొనకుండ పోయిన సారూ.’