మడమలు లేవకూడదు

పిల్లలూ! వేసవిలో మా కొత్తగూడ పల్లెలకు వస్తే, ఇళ్ళముందు తునికాకు కట్టలు కట్టేవాళ్ళు కనిపిస్తారు. మడమలు నేలకు ఆనించి, గొంతుక్కూర్చుని, గంటలకొద్దీ పని చేస్తారు. చిన్నప్పుడు నేనూ అలాగే కూర్చునేవాణ్ణి. పట్నంలో కుర్చీలకు అలవాటుపడి ఆ విద్య పోగొట్టుకున్నాను.

అక్కడే నాకు బరువులెత్తే సరదా పుట్టింది. కడ్డీని వీపుమీద కాస్త కిందుగా పెట్టుకుని, ముందుకు వంగి, సగందాకా కూర్చుని లేచేవాణ్ణి. అలా అయితే ఎక్కువ బరువు లేస్తుంది. 120 కిలోలు లేపానని అందరికీ చెప్పుకున్నాను కూడా. తీరా పోటీలో 80 కిలోలు భుజాలమీదికి లాగి కూర్చునేసరికి ముందుకు తూలాను. కడ్డీ దభీమని పడింది. అందరూ నవ్వారు.

ఎందుకిలా జరిగింది? ఒలింపిక్ పద్ధతిలో రెండు ఎత్తులున్నాయి. స్నాచ్‌లో కడ్డీని నేలమీదనుంచి ఒక్క ఊపున తలపైకి ఎత్తాలి. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాలమీదికి, తరవాత తలపైకి. చూసేవాళ్ళకు చేతులే ఎత్తుతున్నట్టుంటుంది గాని, కడ్డీ కాస్త లేవగానే మనిషి దానికిందికి దూరి కూర్చుంటాడు. అక్కడినుంచి లేపేవి కాళ్ళు. ఆ క్షణంలో కడ్డీ పాదాల నడిమికి సరిగ్గా పైన ఉండాలి. ఛాతీ వాలితే కడ్డీ ముందుకు పోతుంది, దానివెంట మనిషీ పోతాడు.

మా శిక్షకుడు నాకు 40 కిలోలే ఇచ్చాడు! కడ్డీని మెడముందు భుజాలపై ఆన్చి, మోచేతులు ఎత్తి, పూర్తిగా కూర్చుని లేవమన్నాడు. దీన్ని ఫ్రంట్ స్క్వాట్ అంటారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాని ఇందులో తప్పు దాగదు. వంగామా, కడ్డీ జారుతుంది. కొన్నాళ్ళకు కడ్డీని వీపుమీద కూడా పెట్టనిచ్చాడు, అయితే మెడ దగ్గరగా, నిటారుగా, లోతుగా కూర్చోవాలి. బస్కీలు మంచి కసరత్తే. వాటిలో మడమలు లేస్తాయి కనుక ఈ పనికి అంతగా ఉపయోగపడవు.

నా మడమలు మాత్రం నేల విడిచేవి. చీలమండలు బిగుసుకుపోయాయి మరి! మడమల కింద పలక పెట్టుకుని నెలలతరబడి సాధన చేశాను. వెయిట్‌లిఫ్టర్ల బూట్లకు మడమ ఎత్తుగా ఉండటం అందుకే.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారత మహిళ ఆమే. ఆ దృశ్యం దొరికితే, కడ్డీ తలపైకి వెళ్ళినప్పుడు కాక, ఆమె దానికింద కూర్చున్నప్పుడు చూడండి.

మీరు బరువులు ముట్టవద్దు. ఒక చీపురుకర్రను రెండు చేతులా తలపైన చాచి పట్టుకుని, మెల్లగా పూర్తిగా కూర్చోండి. కర్ర ముందుకు రాకూడదు, మడమలు లేవకూడదు. తరవాత కర్ర నాన్నగారి చేతికివ్వండి. ఆయన మడమలు ఏం చేస్తాయో చూడండి!