దేవరయాంజాల్‌లో నలభై ఒక్క పెన్నులు

"అన్నా, రాములోరి గుడి దగ్గరున్న. ఇక్కడికెళ్లి ఎటు రావాలె?"

మా ఊళ్లో ఏ డెలివరీ అయినా ఈ ఫోన్‌తోనే మొదలవుతుంది. దేవరయాంజాల్‌లో ఎవరికి అడ్రస్ చెప్పాలన్నా సీతారామచంద్రస్వామి గుడి దగ్గర మొదలుపెట్టాల్సిందే. పోయిన శ్రావణంలో ఒక ఆదివారం ఆ ఫోన్ వచ్చినప్పుడు, "అక్కడే ఆగు తమ్మీ, నేనే వస్తున్న" అన్నాను. నడవడం మీద ఇష్టంతో కాదు. పార్శిల్ అమ్మ కంట పడకూడదని.

అందులో ఉన్నది పెన్ను. నా నలభై ఒకటో ఫౌంటెన్ పెన్ను.

మా ఊరు తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద హకీంపేట దాటి, తూంకుంట దగ్గర లోపలికి తిరిగితే మేమే. ఇంకాస్త ముందుకెళ్తే శామీర్‌పేట చెరువు. ఇటు మేడ్చల్. ఒకప్పుడు పొలాలు, గుండ్లు, తాటిచెట్లు. ఇప్పుడు గోదాములు, వాటి ముందు లారీలు, ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల బోర్డులు. పైన హకీంపేట నుంచి లేచే శిక్షణ విమానాల మోత. చిన్నప్పుడు తలెత్తి చూసేవాళ్లం. ఇప్పుడు ఎవరూ చూడరు.

ఈ ఊరి పేరు మీరు పేపర్లో చదివే ఉంటారు. గుడి భూముల వల్ల. రికార్డుల్లో ఆ గుడి పేరున ఉన్నాయంటున్న పదిహేను వందల పైచిలుకు ఎకరాల సంగతి తేల్చమని 2021లో ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీని వేసింది. అందుకే మా దగ్గర చాయ్ బండి కాడ నిలబడితే క్రికెట్ కన్నా ఎకరాల ముచ్చటే ఎక్కువ. ఎవరికెంత ఉంది, ఇంకెంత కావాలి. భూముల సంగతి పెద్ద పెద్ద ఆఫీసులు, కోర్టులు చూసుకుంటాయి. పెన్నుల సంగతి మాత్రం నేనే తేల్చుకోవాలి. ఆ రోజు పార్శిల్ చేత పట్టుకుని గుడి దగ్గర నిలబడ్డప్పుడు మొదటిసారి అనిపించింది: ఎన్ని ఉంటే చాలు?

ఒకటి నలభై ఒకటి ఎలా అయింది?

నాకు ఇరవై తొమ్మిది. కొంపల్లి దగ్గర ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రోజంతా ఎక్సెల్. చేత్తో రాసేది సంతకం ఒక్కటే. ఐదేళ్ల కింద మొదటి జీతం వచ్చిన వారం అబిడ్స్ వెళ్లాను. హైదరాబాద్‌లో పెన్నుల పిచ్చి ఉన్న ఎవరినడిగినా అబిడ్స్ డెక్కన్ పెన్ స్టోర్స్ పేరు చెబుతారు. 'అడ్వొకేట్' పేరుతో వాళ్ల సొంత ఎబొనైట్ పెన్ను కూడా ఉంది. అక్కడ అద్దాల బీరువా ముందు గంటసేపు నిలబడి ఒక పెన్ను కొనుక్కుని వచ్చాను. ఆ రాత్రి నా పేరు ఒక యాభై సార్లు రాసి ఉంటాను.

తర్వాత సన్నపాళీ ఉంది కదా, మధ్యరకం కావాలనిపించింది. మధ్యరకం వచ్చాక వెడల్పు పాళీ. నీలం ఇంకుకు ఒకటి, నలుపుకు ఒకటి, ఎరుపుకు ఇంకొకటి. జపాన్‌ది ఒకటైనా ఉండాలి కదా. జర్మనీది లేకపోతే ఎట్లా? ప్రతిదానికీ ఒక కారణం ఉంది. విడివిడిగా చూస్తే అన్నీ న్యాయమైన కారణాలే. రాత్రి పదకొండుకి ఫోన్‌లో వీడియోలు చూస్తూ కొన్నవాటికి మాత్రం కారణం కూడా లేదు. షూస్ పిచ్చి ఉన్నవాళ్లకు, ఇయర్‌బడ్స్ మార్చేవాళ్లకు ఇది నేను వివరించక్కర్లేదు.

అమ్మ ఒకటే అడిగేది: "గిన్ని పెన్నులతోని ఏం రాస్తవ్ రా?" నా దగ్గర జవాబు లేక నవ్వేవాణ్ని.

నాయిన పెన్ను

మా ఇంట్లో నలభై రెండో పెన్ను కూడా ఒకటి ఉంది. అది నాది కాదు. నాయినది.

నాయిన ఇక్కడే ఒక గోదాములో గుమాస్తాగా చేశాడు. ఏ లారీలో ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని ఎక్కాయి, ఎన్ని మిగిలాయి. ఇరవై ఏళ్లు రిజిస్టర్లే ఆయన ప్రపంచం. 2003 గోదావరి పుష్కరాలకు మా మేనమామలతో కలిసి రాజమండ్రి పోయి, స్నానం చేసి, కోటగుమ్మం కాడ రత్నం పెన్ను కొనుక్కొచ్చాడు. నల్లటిది, లావుపాటిది. ఆ తర్వాత వేరే పెన్ను కొన్నది నేను చూడలేదు.

రత్నం పెన్నుల కథ తెలియనివాళ్లకు టూకీగా చెప్తాను. రాజమండ్రిలో బంగారప్పని తెలిసిన కోసూరి వెంకటరత్నం 1932లో మొదలుపెట్టిన పని అది. విదేశీ పెన్నులకు బదులు మన చేతులతో చేసినది ఉండాలన్నది ఆలోచన. ఆయన పంపిన పెన్ను గాంధీజీ వాడి చూసి, 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ పెన్ను ఒళ్లంతా ఎబొనైట్. అంటే రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి వేడి చేస్తే గట్టిపడే సరుకు. ఆ కడ్డీని లేతు మీద పెట్టి ఒక మనిషి చేత్తో తిప్పుతూ, చెక్కుతూ, మరలు కోస్తూ పెన్ను చేస్తాడు. చేత పట్టుకుంటే ప్లాస్టిక్‌లా చల్లగా ఉండదు, గోరువెచ్చగా ఉంటుంది. ఎండలో పడేస్తే మాత్రం రంగు వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది.

నాయిన పెన్ను వెలిసిపోయింది. చొక్కా జేబులోంచి బయటికి ఉండే క్యాప్ గోధుమరంగు, లోపల దాగి ఉండే భాగం ఇంకా నలుపు. ఇరవై ఏళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డాడో ఆ పెన్ను చూస్తే తెలుస్తుంది. నా నలభై ఒకటిలో ఒక్కదాని మీద కూడా అలాంటి గుర్తు లేదు. అన్నీ కొత్తవే. అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి.

ఆ ఆదివారం పార్శిల్ దాచిపెట్టి కూర్చుంటే నాయిన వచ్చాడు. "చెల్లె పెండ్లి ఖర్చుల లెక్క ఒకసారి రాసుకుందాం అనుకుంటున్న. నా పెన్ను నడుస్తలేదు, జర చూడరాదూ."

ఇంట్లో నలభై ఒక్క పెన్నులున్న మనిషి తండ్రికి రాసే పెన్ను లేదు! సిగ్గుతోనే విప్పి చూశాను. లోపల ఇంకు ఎండి, పాళీ కింద ఉండే నల్లటి నాలుక సందులన్నీ గట్టిపడిపోయాయి. వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ రంగు ఇంకా పాడవుతుంది కాబట్టి మామూలు నీళ్లలో రాత్రంతా నానేశాను. తెల్లారేసరికి గిన్నెలో నీళ్లు నీలంగా ఉన్నాయి. నాలుగైదు సార్లు కడిగి, డ్రాపర్‌తో ఇంకు పోసి ఇచ్చాను. గీత పడింది. నాకు భలే సంతోషమైంది.

కానీ నాయిన రాస్తుంటే చూశాను. అంకెలు గీత దాటి కిందికి జారిపోతున్నాయి. ఏడు రాసినచోటే మళ్లీ ఏడు రాశాడు. రిజిస్టర్‌లో ఇరవై ఏళ్లు కొట్టివేత లేకుండా రాసిన మనిషి.

"కన్ను జర మసక గొడుతుంది. ఆ మోతిబిందు సంగతే" అన్నాడు, నాకేదో తెలియని విషయం చెబుతున్నట్టు.

నాకు తెలుసు. శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయాలి, ముప్పై నాలుగు వేలవుతుందని డాక్టర్ చెప్పి రెండు నెలలైంది. "వచ్చే నెల చూద్దాం నాయినా" అన్నది నేనే. రెండుసార్లు అన్నాను. ఆ రెండు నెలల్లో మూడు పెన్నులు వచ్చాయి.

లెక్క తీస్తే

అకౌంట్స్ మనిషిని కదా, ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఐదేళ్లలో పెన్నులకు పెట్టింది తొంభై రెండు వేలు.

ఇంకో లెక్క కూడా వేశాను. ఒక్కో పెన్నులో సగటున ఒకటిన్నర మిల్లీలీటర్ల ఇంకు పడుతుందనుకుందాం. నలభై ఒక్క పెన్నులు ఒకేసారి నింపితే అరవై మిల్లీలీటర్ల సీసా ఖాళీ. ఒకసారి నింపితే తక్కువలో తక్కువ పది పేజీలైనా రాయొచ్చు. అంటే మొత్తం నాలుగు వందల పది పేజీలు. నేను నెలకు రాసేది? డైరీ, వీలైతే ఒకటీ అరా ఉత్తరం, అన్నీ కలిపి నలభై పేజీలు. ఒకసారి నింపిన ఇంకు రాయడానికే నాకు పది నెలలు పడుతుంది. ఇంకు అన్నాళ్లు ఆగదు. వాడని పెన్నులో అది వారాల్లోనే చిక్కబడి, నెలల్లో ఎండిపోతుంది. నాయిన పెన్నుకు అయింది అదే. నా డబ్బాలో అప్పటికే చాలావాటికి అయింది కూడా అదే. నేను చూసుకోలేదంతే.

అంటే నేను రాసేదానికి నాలుగు పెన్నులు చాలు. ఇంకో మూడు ఇష్టం కోసం. ఇష్టానికి ఆ మాత్రం చోటు లేకపోతే ఎట్లా?

చాలా ఆలోచించాక నాకు దొరికిన కొలత ఇదీ: ఎన్ని పెన్నులను తడిగా ఉంచగలవో అన్నే నీవి. ఒక ఆదివారం పొద్దున కూర్చుని కడిగి, నింపి, ఆ నెలలో రాసి అయిపోగొట్టగలిగినన్ని. మిగతావి నీ దగ్గర ఉన్నాయంతే. నాయిన గోదాములో బస్తాలు ఉన్నట్టు. అవి ఏనాడూ నాయినవి కావు కదా.

అందరికీ ఏడే అని నేననను. రోజూ ఇరవై పేజీలు రాసేవాళ్లకు పదిహేను కూడా తక్కువ కావచ్చు. పాత పెన్నులు బాగుచేస్తూ, వాటి చరిత్ర రాసిపెట్టేవాళ్లకు వంద ఉన్నా తప్పులేదు. వాళ్లకది పని. నాది పని కాదు, రాత్రి పదకొండు గంటల అలవాటు.

చిన్న ఆపరేషన్, పెద్ద ఆపరేషన్

ముందుగా ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నాను. తర్వాత పెన్నులన్నీ మంచం మీద పరిచాను. వాట్సాప్‌లో పెన్నుల గ్రూపులో ఫొటోలు పెడితే మూడు వారాల్లో ఇరవై మూడు అమ్ముడుపోయాయి. కొన్న ధరకు ఎవరూ కొనరని అప్పుడు తెలిసింది. ఇరవై ఎనిమిది వేలు వచ్చాయి. మిగిలిన ఆరు వేలు జీతంలోంచి వేశాను. చవకవి పదకొండు చెల్లె దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు ఇచ్చేశాను. వారం రోజులు ఊళ్లో సగం పిల్లల వేళ్లు నీలంగా కనిపించాయి. తల్లులు మా అమ్మ మీదికి గొడవకొచ్చారు. అమ్మ మాత్రం నన్నేమీ అనలేదు.

తేలిగ్గా జరిగిందని చెప్పను. జపాన్ పెన్ను ప్యాక్ చేస్తుంటే చెయ్యి రాలేదు. రెండుసార్లు డబ్బా విప్పి మళ్లీ రాసి చూసుకున్నాను. నలభై ఒకటోదాని సంగతి మరీ అన్యాయం. దానితో ఒక్క అక్షరం రాయకుండానే అమ్మేశాను.

నాయినకు ఆపరేషన్ అయిన రెండో వారం, సాయంత్రం ఇద్దరం గుడి దాకా నడిచాం. దారిలో గోదాముల మీద బోర్డులన్నీ వరసగా పైకి చదువుకుంటూ వచ్చాడు, బడికి కొత్తగా పోతున్న పిల్లాడిలా. విమానం మోత వినపడితే ఆగి తలెత్తి చూశాడు. "తోక మీద నంబర్ గూడ కనబడుతుంది రా" అన్నాడు. నాకైతే కనపడలేదు.

ఇంటికొచ్చాక తన పెన్ను తీసి, పాత రిజిస్టర్‌లో ఖాళీ పేజీ వెతికాడు. స్కేలు పెట్టి గీతలు కొట్టాడు. వచ్చినవి 41. పోయినవి 34. నిల్వ 7. అంకెలు గీత మీద నిటారుగా నిలబడ్డాయి.

"ఎనిమిది గద నాయినా, నీదాంతోని కలిపి" అన్నాను.

క్యాప్ బిగించి పెన్ను జేబుకు పెట్టుకున్నాడు.

"ఇది నాది రా. నీ స్టాకుల రాదు."