తరంగంబాడికి పయనము

పెండ్లి వ్యయము తీరిన పిమ్మట మా చేత మిగిలినది స్వల్పము. బంధువులందఱు ఉదకమండలమనిరి, కొడైకెనాలనిరి. అప్పుచేసి విహరించుట మాకిద్దఱకును సమ్మతము కాదు. తుదకు మయిలాడుతుఱైకి (మనవారికి మాయవరమే) సుమారు 30 కిలోమీటర్ల దూరమున, సముద్రపుటొడ్డుననున్న తరంగంబాడిని ఎన్నుకొంటిమి. “అది జాలరుల ఊరు గదా!” అని మేనత్తగారు పెదవి విఱిచిరి.

మమ్ము లాగినది చౌక యొక్కటియే కాదు. 1620లో డెన్మార్కువారికి ఈ తావొసగినవాడు తంజావూరు రఘునాథనాయకుడు. ఏలినది అరవదేశమైనను ఆతడు కావ్యములు చెప్పినది తెలుగున. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ నంకితమందినవాడును ఆతడే. తరతరములుగా తమిళనాట తెలుగిల్లు నిలుపుకొన్న మావంటివారికి ఆ ఊరు పరాయిది యెట్లగును?

మాయవరమున బస్సెక్కితిమి. పాతభవనములలోని హోటళ్ళు మాకందునవి కావు. చిన్న లాడ్జిలో దిగితిమి. ఊరిద్వారము దాటగనే రాజవీధి, దాని కొనను కడలి, దాపుననే డాన్స్‌బోర్గు కోట. పాండ్యులనాటి మాసిలామణినాథుని గుడిలో చాలభాగమును కెరటములు మ్రింగివేసినవి. మిగిలిన గోడ నీడను కూర్చుండి, రాబోవు ఏటి జమాఖర్చులు సయితము మాటలాడుకొంటిమి. వినువారెవ్వరును లేరు, కొండయూళ్ళలో ఈ ఏకాంతమునకు వెల కట్టుదురు.

మూడవనాడు సమీపమునగల తిరుక్కడయూరు పోయితిమి. అభిరామి సన్నిధిని షష్టిపూర్తి దంపతులు పూలదండలతో బారులు తీరియుండిరి. అందొక ముత్తైదువ మమ్ము చూచి, తెలుగుననే నవ్వుచు అడిగినది: “ఏమమ్మా, అప్పుడే వచ్చేసినారే?”