చెయ్యి కొలత

మా ఆఫీసు వెస్ట్ బేలో ఓ టవర్లో ఇరవై రెండో అంతస్తు. నా కుర్చీలో కూర్చుంటే ఎడమవైపు కార్నిష్, షెరటన్ పిరమిడ్, వాటికి అవతల సముద్రం కనపడతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, ఏడాదిలో నాలుగైదు నెలలు తప్ప మధ్యాహ్నం కిందకి దిగి నడిచే వీలుండదు. అందుకని లంచ్ గంటలో డెస్క్ దగ్గరే డబ్బా విప్పుకుని, తింటూ ఏదో ఒకటి చూస్తూ ఉంటాను. ఆ మార్చి నెలంతా నేను చూసింది పిస్తోళ్ళ బొమ్మలు.

ఓ రోజు వెనకనుంచి పోతున్న మలయాళీ సహోద్యోగి నా స్క్రీన్ చూసి ఆగిపోయాడు. ట్రిగ్గర్ భాగాలు విడివిడిగా పరిచిన పెద్ద బొమ్మ అది. "ఎవరి మీద కోపం?" అన్నాడు మెల్లిగా. గబుక్కున కిటికీ మూసేశాను. మూయడంతో అనుమానం ఇంకా పెరిగింది. "మా పాపకి" అన్నాను. అది అసలే అనకూడని మాట.

తర్వాత టీ తాగుతూ వివరంగా చెప్పాను. అది ప్రాణాలు తీసే పిస్తోలు కాదు, పోటీలకి వాడే ఎయిర్ పిస్టల్. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండుని తోస్తుంది. పది మీటర్ల దూరంలో కాగితం. దాని మధ్యలో పది పాయింట్ల గుండ్రం అడ్డంగా కొలిస్తే 11.5 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. ఒంటిచేత్తో, ఏ ఆసరా లేకుండా, 75 నిమిషాల్లో 60 సార్లు దాన్ని కొట్టాలి. ఆయన అంతా విని, "నేనైతే మా వాడికి వయొలిన్ కొనిచ్చాను" అన్నాడు.

మా అమ్మాయికి ఈ పిచ్చి 2023 అక్టోబర్లో పట్టుకుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు పిల్ల ఇషా సింగ్ ఒక బంగారం, మూడు వెండి పతకాలు తెచ్చుకున్న రోజులవి. అంతకు ముందు 2018 లో, పదమూడేళ్ళకే, పెద్దవాళ్ళందరినీ దాటి ఆ అమ్మాయి జాతీయ ఛాంపియన్ అయిందని మా వాళ్ళకి అప్పుడే తెలిసింది. మా పాపకి అప్పుడు పన్నెండేళ్ళు. "ఇంకా ఒక సంవత్సరం ఉంది డాడీ" అంది ఫోన్లో, లెక్క కట్టి.

ఏడాదిన్నర పాటు క్లబ్బు పిస్టల్‌తోనే నేర్చుకుంది. ఆ తర్వాత కోచ్, సొంతంది ఉంటే మంచిదన్నాడు. ఆ మాటకోసమే ఎదురు చూస్తున్నట్టు నేను రంగంలోకి దిగాను.

నా ఉద్యోగం క్వాంటిటీ సర్వేయింగ్. ఈ వెస్ట్ బే అంతా సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. ఇలాంటి నేల మీద లేచే కట్టడాల్లో ఎంత ఇనుము, ఎంత కాంక్రీటు, ఎంత అద్దం పడుతుందో కొలిచి వెల కట్టడమే నా పని. కాబట్టి పిస్టల్‌కి కూడా ఎక్సెల్ షీటు తయారైంది. మొదట నాలుగు వరసలు. నెల తిరిగేసరికి ఇరవై ఏడు.

పిస్టల్ ఏ కంపెనీదన్నది మొదటి ప్రశ్న. స్టెయర్, మొరీని, వాల్తర్, పార్దినీ. ఏది చూసినా ఒలింపిక్స్‌లో పతకం కొట్టినవాళ్ళు ఉంటారు. ట్రిగ్గర్ మామూలుదా, ఎలక్ట్రానిక్‌దా అన్నది రెండోది. ఎలక్ట్రానిక్‌ది మెత్తగా, ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందంటారు. కానీ 2021 లో టోక్యోలో మను భాకర్ క్వాలిఫికేషన్ మధ్యలో ఉండగా పిస్టల్ మొరాయించి, బాగు చేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 తో పన్నెండో స్థానం. ఇంకో రెండు పాయింట్లుంటే ఫైనల్. అది చదివాక నా షీటులో 'విడి భాగాలు' అని కొత్త విభాగం వెలిసింది.

ఇక నిబంధనల పుస్తకం. ట్రిగ్గర్ 500 గ్రాముల బరువుని మోయగలగాలి. పోటీ ముందు బరువు తగిలించి మరీ చూస్తారు. పిస్టల్ మొత్తం 1500 గ్రాములు దాటకూడదు. 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతలున్న పెట్టెలో పట్టాలి. దుర్భిణీలు, లేజర్లు కుదరవు. ముందొక పుల్ల, వెనకొక గాడి, అంతే. బూట్లు చీలమండని కప్పకూడదు. గురి పెట్టని కంటికి అడ్డం పెట్టుకునే రేకు 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు. గాలి సిలిండర్‌కి గడువు తేదీ ఉంటుంది. తయారైన పదేళ్ళ తర్వాత అది పనికిరాదు. ఇవన్నీ నాకు ఎంత నచ్చాయంటే, రాత్రి గదికి వెళ్ళాక కూడా చదివేవాణ్ణి. పాప లోకంలోకి నాకు దొరికిన ద్వారం అదొక్కటే మరి. ఎనిమిదో తరగతి పాఠాలు వాళ్ళమ్మ చూసుకుంటుంది. జడలు వాళ్ళ నానమ్మ వేస్తుంది. రేంజ్‌కి బాపు తీసుకెళ్తాడు. నాకు మిగిలింది ఈ మిల్లీమీటర్లు.

ఓ శుక్రవారం లుసైల్ వైపు వెళ్ళి అక్కడి షూటింగ్ రేంజ్ గేటు బయటనుంచి చూసి వచ్చాను కూడా. 2006 ఆసియా క్రీడల షూటింగ్ పోటీలు జరిగింది అక్కడే. జస్పాల్ రాణా ఒంటిమీద జ్వరంతో నిలబడి సెంటర్ ఫైర్ పిస్టల్‌లో 590 కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేశాడు. ఆ క్రీడల్లో ఆయనకి మొత్తం మూడు బంగారు పతకాలు. ఈ దేశపు నాసర్ అల్ అతియా కూడా గుర్తొచ్చాడు. ఎడారిలో డాకర్ రాలీ గెలిచిన చేత్తోనే 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్కీట్ షూటింగ్‌లో కంచు పతకం తెచ్చుకున్నాడు. ఇషా వాళ్ళ నాన్న కూడా రాలీ డ్రైవరే. చెయ్యి వణక్కుండా ఉండటం అనేది కుటుంబాల్లో వస్తుందేమో అనుకుంటూ తిరిగి వచ్చాను. మా బాపు వడ్రంగి. ఆయన చెయ్యీ వణకదు. ఆ మాట ఆ రోజు తోచలేదు.

చివరికి ఆర్డర్ పెట్టే రోజు వచ్చింది. పిస్టల్ పిడి ఏ సైజుదని అడిగారు. స్మాలా, మీడియమా? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. నా డెస్క్ పక్క పార్టిషన్‌కి ఒక నోట్‌బుక్ కాగితం గుచ్చి ఉంటుంది. కొత్తగా షూటింగ్‌లో చేరిన రోజుల్లో, నేను సెలవు అయిపోయి తిరిగి బయల్దేరుతుంటే, పాప తన కుడిచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ స్కెచ్ పెన్‌తో గీసి నా సంచిలో పెట్టింది. స్కేలు పెట్టి కొలిచాను. రెండుసార్లు. స్మాల్.

పిస్టల్ హైదరాబాదులోనే డీలర్ దగ్గర తీసుకున్నారు. వీడియో కాల్‌లో పెట్టె విప్పారు. "సూపర్ ఉంది డాడీ" అంది పాప. రెండు చేతులా ఎత్తి చూపించింది. వెనక బాపు నిలబడి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

క్లబ్బు పిస్టల్‌తో 540 దాటుతున్న పిల్ల, కొత్తదానితో 528 కొట్టింది. తర్వాత వారం 525. కొత్తది కదా, అలవాటు పడాలి అన్నాను. ఆ తర్వాత 521. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే కాబట్టి షీటు తెరిచాను. కంటికి ఐరిస్ బిగించిన షూటింగ్ కళ్ళజోడు పంపాను. మూడు రకాల గుండ్లు పంపాను. తల కొలత 4.49, 4.50, 4.51. కాళ్ళు కదులుతున్నాయేమోనని బూట్లు పంపాను. ప్రతి పార్సిల్‌కీ "థాంక్యూ డాడీ" అని బొమ్మలతో మెసేజ్ వచ్చేది. స్కోరు మాత్రం వచ్చేది కాదు. చెప్పడం మానేసింది.

ఓ రాత్రి మా ఆవిడ ఫోన్ చేసి, వేరే ఏదో మాట్లాడుతూ, "దాని బొటనవేలి మొదట్ల పొక్కు చితికింది, బ్యాండేజ్ వేసిన. నెల రోజుల సంది అంతే ఉన్నది" అంది.

పాపకి ఫోన్ ఇమ్మన్నాను. "పిడి చిన్నగుందా?"

కాసేపు మాట రాలేదు. "కొంచెం" అంది.

"మరి చెప్పలేదేంరా?"

"మీరు అంత కొలిచి కొన్నరు కద డాడీ."

నేను కొలిచిన చెయ్యి పన్నెండేళ్ళది. పట్టుకున్నది పద్నాలుగేళ్ళది. లక్షల చదరపు మీటర్ల పని కొలిచి సంతకం పెట్టే మనిషిని, తారీఖు వేయని కాగితాన్ని నమ్మకూడదన్న మొదటి పాఠం మరిచిపోయాను. ఈ నడుమ రెండుసార్లు సెలవుకి వెళ్ళి వచ్చాను కూడా. ఆ చెయ్యి పట్టుకుని చార్మినార్ దగ్గర రోడ్డు దాటించాను. అయినా నాకు తెలియలేదు.

బాపుకి ఫోన్ ఇచ్చింది. "బాపూ, నువ్వన్నా చూడలేదా?"

"ఎందుకు సూడలే? పెట్టె ఇప్పిన దినమే సూసిన. చిటికెనేలుకు జాగ లేదు, బయటికి జారుతున్నది."

"మరి చెప్పద్దా?"

"నువ్వు అడిగినవా?" అన్నాడు. కోపంగా కాదు. "అంత పెద్ద పుస్తకం సదివి కొన్నవ్. నా మాటెందుకనుకున్న."

బాపు యాభై ఏళ్ళు మా ఊళ్ళో కొడవళ్ళకి, గొడ్డళ్ళకి, పారలకి పిడులు వేశాడు. పని చేయించుకోవడానికి వచ్చినవాణ్ణి ముందు పిడికిలి బిగించి చూపించమనేవాడు. నా చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని అదంతా చూశాను. చూసిన మాట కూడా నేను మరిచిపోయాను.

రాష్ట్ర స్థాయి పోటీకి ఇంకా మూడు వారాలుంది. కొత్త పిడి తెప్పిస్తే అంతలో రాదు. కోచ్‌తో మాట్లాడాను. పెద్ద పిడి అయితే ఆకురాయితో రాకి సరిచెయ్యచ్చు, చిన్నదానికి పుట్టీ అతికించి పెంచాలి, చాలామంది చేసే పనే అన్నాడు. ఒక్కటే షరతు, పిడి మణికట్టుకి ఆసరా ఇచ్చేలా ఉండకూడదు. "మా బాపు చేస్తాడు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ ఆదివారం మా ఇంటి వరండాలో జరిగిన పని నేను లంచ్ గంటలో ఫోన్లో చూశాను. ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించి పెట్టారు కాబట్టి సగం సేపు కనపడింది సీలింగ్ ఫానే. సిలిండర్ విప్పి, పిడిని విడదీసి బాపు చేతికిచ్చింది పాప. ఆయన దాని అరచేతికి సుద్దపొడి రాయించి పట్టుకోమన్నాడు. సుద్ద ఎక్కడ అంటుకుందో అక్కడ రాకాడు, అంటని చోట పుట్టీ నింపాడు. ఎండనిచ్చి మళ్ళీ సుద్ద. గరుకు కాగితం. మళ్ళీ సుద్ద. ఒక్క మిల్లీమీటరు కూడా కొలవలేదు. మధ్యలో ఓసారి, "వేలు ఒత్తకు బిడ్డా, ఊకె ఉంచు" అనడం వినిపించింది. పాప నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు.

పోటీలో 543 వచ్చింది. పతకమేమీ రాలేదు, పదిహేడో స్థానం. నాలుగు రోజులు సెలవు అడిగాను. ప్రాజెక్టు మూసే నెల కావడంతో దొరకలేదు. ఆ సంగతి షీటులో ఎక్కడా లేదు.

పిల్లలకి కొంటున్నామని, ఏమేం కావాలో చెప్పమని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. నాకు తెలిసింది ఇంతే. ముందు పిడి. పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి, చేతిలో పెట్టి చూసి తీసుకోండి. సందేహం ఉంటే ఒక సైజు పెద్దదే మేలు, చెక్కని తగ్గించడం తేలిక, పెంచడం కష్టం, పైగా పిల్లలు పెరుగుతారు. తర్వాత ట్రిగ్గర్‌ని కోచ్ చేత సరిచేయించండి. తర్వాత ఒకే రకం గుండ్లు ఎక్కువగా. బూట్లు. సేఫ్టీ ఫ్లాగ్. మిగతా ఇరవై రెండు వరసలు ఏడాది తర్వాత ఆలోచించవచ్చు. నేను పంపిన కళ్ళజోడు పెట్టెలోనే ఉంది.

పాప ఇంకో కాగితం పంపింది, ఊరినుంచి వస్తున్న ఒకాయన చేత. కొత్తగా గీసిన చెయ్యి. అడుగున తారీఖు వేసి ఉంది; నేను వేయమన్నాను. పాతదాని పక్కన గుచ్చాను. మొన్న టీ తెచ్చిన నేపాలీ కుర్రాడు రెండింటినీ చూసి అడిగాడు, "ఇద్దరు పిల్లలా సార్?" అని.

"లేదు, ఒక్కతే" అన్నాను.